అసెంబ్లీ ఖర్చుకు ఎమ్మెల్యేలే ఓటేసుకుంటే ఇక అడ్డెవరు?

రాయగడ_బస్టాండ్:
ఒడిశా బడ్జెట్ పుస్తకాల్లో డిమాండ్ (ఖర్చుకు సభను డబ్బు అడిగే పద్దు) నం. 8 అసెంబ్లీది. అందులో ఓటుకు పెట్టేది, ఛార్జ్‌డ్ అని రెండు రకాలున్నాయి. తేడా ఏంటండీ? తమ జీతాలు తామే పెంచుకుని తామే మంజూరు చేసుకుంటారా? ఎమ్మెల్యే ల్యాడ్ నిధులు (నియోజకవర్గ పనులకిచ్చేవి) ఆ పద్దులో ఎక్కడా కనబడవేం?

పర్లాకిమిడి_పద్దులు:
ఛార్జ్‌డ్ అంటే సభలో మాట్లాడొచ్చు గానీ ఓటు ఉండదు. రాజ్యాంగం 202(3) ప్రకారం స్పీకర్, డిప్యూటీ స్పీకర్ జీతభత్యాలు అందులోకొస్తాయి. 147 మంది ఎమ్మెల్యేల జీతాలు, టీఏలు, అసెంబ్లీ సచివాలయం ఖర్చు ఓటుకు వెళ్లాల్సిందే. మేజర్ హెడ్ (ఖర్చు పెద్ద ఖాతా) 2011 తెరవండి. అందులో మైనర్ హెడ్ (ఉప ఖాతా) 101 సభది, 103 సచివాలయానిది.

జీతం ఎంతన్నది మాత్రం బడ్జెట్‌లో తేలదు. 195వ అధికరణం కింద సభ చేసిన చట్టంలో ఉంటుంది. అంటే పెంపును పట్టుకోవాలంటే ఆ సవరణ బిల్లు దగ్గరే పట్టుకోవాలి. బిల్లు పాసయ్యాక పద్దు మీద అరిచి లాభం లేదు. ఏడాది మధ్యలో పెంచి, ఉన్న కేటాయింపు చాలకపోతే 205 కింద అనుబంధ పద్దు (అదనపు డబ్బు అడిగే పద్దు) తెస్తారు.

ఇక అడ్డు సంగతి. అంచనాలు అసెంబ్లీ సచివాలయం వేస్తుంది, స్పీకర్ ఆమోదంతో ఆర్థిక శాఖకు పోతాయి. 187 కింద సిబ్బంది వేరు గానీ ఖజానా వేరు కాదు. 203(3) ప్రకారం గవర్నర్ సిఫార్సు లేకుండా ఏ డిమాండూ సభకు రాదు, ఆ సిఫార్సు మంత్రివర్గం సలహాతోనే. సభ ఒప్పుకోవచ్చు, కాదనొచ్చు, తగ్గించొచ్చు. ఒక్క రూపాయి పెంచలేదు. స్పీకర్ పంపిన అంకె మీద ఆర్థిక శాఖ మామూలుగా కత్తెర వేయదు, అది వేరే కథ.

సిరొంచ_గోదారి:
మా మహారాష్ట్రలో రెండు సభలు: అసెంబ్లీలో 288 మంది, శాసన మండలిలో 78 మంది. మండలి ఛైర్మన్, డిప్యూటీ ఛైర్మన్ జీతాలు కూడా ఛార్జ్‌డే. తమాషా ఏంటంటే, మండలి ఖర్చు మీద ఓటు వేసేది మండలి కాదు. 203(2) ఆ హక్కు అసెంబ్లీకే ఇచ్చింది. ఒడిశా అసెంబ్లీ 2018లో 49 మందితో మండలి కావాలని తీర్మానం చేసింది. పార్లమెంటు 169 కింద చట్టం చేస్తే తప్ప మీ పుస్తకంలో మండలికి చెందే మైనర్ హెడ్ 102 కింద పైసా పడదు.

గుణుపురం_లెక్క:
ల్యాడ్ నిధులు ప్లానింగ్ అండ్ కన్వర్జెన్స్ శాఖ డిమాండ్‌లో చూడండి. మంత్రుల జీతాలు హెడ్ 2013. ఇవన్నీ కలిపేసి "అసెంబ్లీకి ఇన్ని కోట్లు" అని వాట్సాప్‌లో తిరిగే లెక్కలు అందుకే తప్పుతాయి.

ఓటు దగ్గర ఎక్కువ ఆశ పెట్టుకోకండి. గడువులోగా చర్చకు రాని డిమాండ్లన్నీ చివరి రోజు గిలెటిన్‌తో, అంటే చర్చ లేకుండానే ఓటుకు పెట్టి, ఒకేసారి పాసైపోతాయి. కోత తీర్మానం (డిమాండ్ తగ్గించమనే తీర్మానం) నెగ్గితే సర్కారుకే ఎసరు, కాబట్టి అధికార పక్షం దాన్ని నెగ్గనివ్వదు.

పుస్తకంలో నాలుగు గడులుంటాయి: గత ఏడాది వాస్తవ ఖర్చు, ఈ ఏడాది అంచనా, సవరించిన అంచనా, వచ్చే ఏడాది అంచనా. వాస్తవ ఖర్చును అదే ఏడాది పాత పుస్తకంలోని అంచనాతో పోల్చండి. ఛార్జ్‌డ్‌లో మిగిలింది ఓటు పద్దుకు మళ్లించడం కుదరదు. మంజూరు దాటి ఖర్చయితే కాగ్ (ప్రభుత్వ లెక్కల ఆడిటర్) ఎత్తిచూపుతుంది, పీఏసీ (సభ ప్రజా పద్దుల కమిటీ) పరిశీలించాక మళ్లీ సభే క్రమబద్ధం చేయాలి.

2024-25 చూసేటప్పుడు జాగ్రత్త. ఎన్నికల ముందు ఫిబ్రవరిలో ఓట్ ఆన్ అకౌంట్ (కొన్ని నెలల ఖర్చుకు తాత్కాలిక మంజూరు), జులైలో పూర్తి బడ్జెట్ వచ్చాయి. రెండో దాంట్లో మొదటిది కలిసే ఉంటుంది, కూడారంటే ఖర్చు రెండుసార్లు లెక్కకొస్తుంది.