విదేశాల్లో బయటి తిండి: దేనికి భయపడాలి, దేనికి అక్కర్లేదు?

హన్మకొండ_కోడలు:
అత్తమ్మ, మామయ్య వచ్చే నెల టూర్ వాళ్లతో బ్యాంకాక్, పట్టాయా వెళ్తున్నారు. ఇద్దరూ అరవై దాటినవాళ్లు, మామయ్యకు షుగర్. "అక్కడ పురుగులు తింటరట, ఆ మూకుట్లనే మనకూ వండుతరు" అని అత్తమ్మకు ఒకటే టెన్షన్. సగం సూట్‌కేసు సకినాలే. బయట తిన్నవాళ్లు మీ అనుభవం చెప్పండి. అసలు బయట తినొద్దని మాత్రం అనకండి, వారం రోజులు సకినాలతో గడవదు.

కాజీపేట_జంక్షన్:
పురుగుల బండ్లు టూరిస్టులు ఫొటోలు దిగే వీధుల్లో కనిపిస్తాయి, వాటిని వదిలేయండి అక్కా. మంట మీద ఏముంది, పక్కన గిన్నెలో ఏముంది, అది చూడాలి. ఆర్డర్ ఇచ్చాక పొగలు కక్కేలా వేయించి ఇచ్చేది ధైర్యంగా తినొచ్చు. రాత్రి బజార్లలో ముందే కాల్చి వరసగా పేర్చిన పుల్లల మాంసం ఎప్పటిదో తెలియదు, మళ్లీ బాగా కాల్చి ఇవ్వమనాలి.

సోమ్ తమ్ అని పచ్చి బొప్పాయిని రోట్లో దంచి ఇస్తారు. కారంగా ఉంటుంది కాబట్టి మనవాళ్లకు ఇట్టే నచ్చుతుంది. కొన్ని రకాల్లో ఉప్పులో ఊరేసిన పచ్చి పీత వేస్తారు, అది వద్దని ముందే చెప్పాలి. ఇక ఫిష్ సాస్ వాసనకు అత్తమ్మ కుళ్లిందనే అంటుంది. కుళ్లలేదు. చిన్న చేపల్ని నెలల తరబడి ఉప్పులో ఊరేసి తీసిన రసం అది.

సిరిసిల్ల_టు_షార్జా:
వాసన వచ్చేదానికి అందరూ భయపడతారు, రానిదాన్ని మాత్రం కళ్లు మూసుకుని తింటారు. షార్జాలో మా లేబర్ క్యాంపులో తెల్లవారకముందే అన్నం వండి, వేడివేడిగా డబ్బాలో కుక్కి, మూత బిగించి సైటుకు తీసుకుపోతాం. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా ఇక్కడ మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని రూలు. డబ్బా తెరిచేది అప్పుడే. అన్నం పొడిపొడిగా, తెల్లగా, నిక్షేపంలా ఉంటుంది. తిన్న రెండు గంటలకు మా రూంలో ఒకరి తర్వాత ఒకరికి వాంతులు. ఎండదెబ్బ అనుకున్నాం. ఎండలో లేని వంటాయనకు కూడా అయ్యేసరికి అనుమానం వచ్చింది.

కరీంనగర్_నర్సు:
అన్నా, మీరు చెప్పిన లక్షణాలు చూస్తే అనుమానం అన్నం మీదికే పోతుంది. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు బియ్యంలో ఉంటాయి, ఉడికించినా చావవు. అన్నం గంటల తరబడి గోరువెచ్చగా ఉంటే అవి పెరిగి విషం తయారుచేస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. వండినది 60 డిగ్రీల పైన వేడిగా ఉండాలి, లేదా పళ్లెంలో పలచగా పరిచి త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి.

కోడలమ్మా, విరేచనాలైతే మామయ్య షుగర్ మాత్రల్లో ఏది ఆపాలో, ఏది వేసుకోవాలో డాక్టర్‌ను ఇప్పుడే అడిగి కాగితం మీద రాయించుకోండి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు నాలుగు పెట్టండి. అవి లేకపోతే లీటరు శుభ్రమైన నీళ్లకు ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు. చెంచాలు తలగొట్టి కొలవాలి. జ్వరం వచ్చినా, విరేచనంలో రక్తం పడినా ఆస్పత్రికే.

ములుగు_పోరడు:
యూకేలో, స్కాట్లాండ్‌లో తప్ప, హోటళ్లకు 0 నుంచి 5 వరకు శుభ్రత రేటింగు ఇస్తారు. వేల్స్‌లో ఆ స్టిక్కర్ తలుపు మీద పెట్టి తీరాలి, ఇంగ్లాండ్‌లో తప్పనిసరి కాదు. స్టిక్కర్ లేదంటే నేను ఫోన్‌లో వెతికి చూశాకే లోపలికి పోతా. గ్లోవ్స్ చూసి మాత్రం మురిసిపోకండి. చదువుకుంటూ నేను పనిచేసిన టేక్‌అవేలో ఒకాయన ఒకే గ్లోవ్‌తో పచ్చి చికెన్ కలిపి, చిల్లర ఇచ్చి, ఫోన్ ఎత్తి, దాంతోనే సలాడ్ సర్దేవాడు. చేతులు కడుక్కునేవాడే నయం.

పోచమ్మమైదాన్:
బండి మీద మిర్చి బజ్జీ తిని అరిగించుకున్న పొట్టకు థాయ్‌లాండ్ ఒక లెక్కా! పచ్చి గుడ్డు మయోనైజ్‌ను 2024 అక్టోబర్ 30న ఏడాది పాటు నిషేధించింది మన తెలంగాణలోనే. మనం వాళ్ల శుభ్రతను అడుగుతున్నాం.

కరీంనగర్_నర్సు:
మయోనైజ్ సంగతి నిజమే తమ్ముడూ. కానీ ఇక్కడి బజ్జీ తట్టుకున్న పొట్ట అక్కడి సూక్ష్మజీవుల్ని తట్టుకుంటుందన్న గ్యారంటీ లేదు. పైగా బజ్జీ సలసల కాగే నూనెలోంచి వస్తుంది, భయం దాని పక్కన ఉన్న చట్నీతోనే.

హన్మకొండ_కోడలు:
అందరికీ థ్యాంక్స్. అత్తమ్మకు చదివి వినిపించా, పీత మాట దగ్గర మొహం చిట్లించింది. హోటల్‌లో పొద్దున బఫే ఉంటుందట, అది ఫర్వాలేదా?

కాజీపేట_జంక్షన్:
తలుపులు తీయగానే వెళ్లమనండి, పది గంటలకు మిగిలినవి వద్దు. ఆమ్లెట్ ఎదురుగా వేయించుకోవాలి. పండ్లు కోసినవి కాకుండా అరటి, కమలా లాంటివి తొక్క తీసుకుని తింటే చాలు.