పాత టూ-వీల్ డ్రైవ్ పికప్‌ని ఎత్తు చేయించాలంటే ఏది మేలు: షాకిళ్లా, బ్లాకులా, టార్షన్ బారా, పెద్ద టైర్లా?

పెందుర్తి పికప్

మాది పాత టాటా 207, టూ-వీల్ డ్రైవ్. ముందు టార్షన్ బార్లు (మెలితిరిగి స్ప్రింగుల్లా పనిచేసే కడ్డీలు), వెనక కమాను కట్టలు (ఉక్కు పట్టీల స్ప్రింగులు), టైర్లు 215/75 ఆర్15. హుకుంపేట, జి.మాడుగుల సంతల నుంచి రాజ్మా, పసుపు, అల్లం కిందికి దింపుతుంటాం. తారు రోడ్డు మీద ఏ గొడవా లేదు. రోడ్డు దిగి ఊళ్లలోకి వెళ్లే మట్టిదారుల్లోనే ఇబ్బంది. వానలు పడ్డాక చక్రాల గాడులు లోతుగా దిగి, మధ్యలో దిమ్మ మిగులుతోంది. వెనక ఇరుసు మధ్యలో గుండులా ఉండే డిఫరెన్షియల్ దానికి రాసుకుంటోంది. గెడ్డ (వాగు) దాటి గట్టెక్కేటప్పుడు వెనక కింద వేలాడే స్టెప్నీ నేలకి కొట్టుకుంటోంది.

బండిని ఓ మూడు అంగుళాలు లేపుదామని ఉంది. ఆటోనగర్‌లో ముగ్గుర్ని అడిగితే మూడు మాటలు చెప్పారు. ఒకాయన వెనక పొడుగు షాకిళ్లు (కమాను కొసని ఛాసిస్‌కి కలిపే లింకులు) వెయ్యమన్నాడు, ఒకాయన కమాన్లకీ హౌసింగ్‌కీ (వెనక ఇరుసు ఉండే గొట్టానికీ) మధ్య బ్లాకులు పెడదామన్నాడు, మూడో ఆయన ముందు టార్షన్ బార్ బోల్టు తిప్పి చూద్దాం అన్నాడు. తక్కువ ఖర్చులో, బండి పాడవకుండా ఏది చేయించాలో చెప్పండి.

ఆటోనగర్ పాతకాపు

తమ్ముడూ, ఆ ముగ్గురూ ఎత్తడం ఎలాగో చెప్పారు గానీ, బండి ఇప్పుడు కంపెనీ ఇచ్చిన ఎత్తులో ఉందో లేదో ఎవరూ చూసినట్టు లేదు. ఇన్నేళ్లు బస్తాలు మోసిన కమాన్లు దిగిపోయి ఉంటాయి. ఖాళీ బండిని చదునుగా ఉన్న చోట ఆపి పక్కనుంచి చూడు. కట్టలో వంపు పోయి తిన్నగా కనిపిస్తే, పోగొట్టుకున్న ఎత్తునే నువ్విప్పుడు లిఫ్ట్ పేరుతో కొనబోతున్నావన్నమాట. అలిసిపోయిన కమానుకి పొడుగు షాకిల్ తగిలిస్తే ఎత్తు వస్తుంది, బలం రాదు. లోడు పడగానే మళ్లీ కూర్చుంటుంది.

ముందు కట్టలు విప్పించి కొత్త పట్టీలు, బుష్‌లు, యూ-బోల్టులు వేయించు. పాత పట్టీలకే వంపు కొట్టించుకోవడం చౌక. అయితే వేడి చేసి కొట్టాక టెంపరింగ్ (ఉక్కుకి మళ్లీ స్ప్రింగ్ గుణం తెప్పించే పదును) సరిగ్గా చేయకపోతే అది మళ్లీ దిగిపోతుంది, లేదా విరుగుతుంది. నా ఓటు కొత్త పట్టీలకే.

ఇంకో సంగతి. మన వైజాగ్ బండ్లకి ఉప్పుగాలి దెబ్బ ఉంది. నీకన్నా ముందు ఎవరైనా ఫిషింగ్ హార్బర్ కిరాయిలకి తిప్పిన బండైతే మరీను. చేపల పెట్టెల్లో ఐసు కరిగి, ఉప్పునీళ్లు తొట్టి సందుల్లోంచి కారి ఛాసిస్ మీద, షాకిల్ బ్రాకెట్ల మీద పడతాయి. వాటిని సుత్తితో తట్టి చూడు. రేకులు రేకులుగా తుప్పు రాలితే లిఫ్ట్ మాట మర్చిపోయి ముందు వెల్డింగ్ సంగతి చూసుకో.

ఘాట్ కుర్రోడు

పాతకాపు గారూ, ఎవరు ఏమడిగినా మీరు కమాన్లు మార్చమనే చెప్తారు. ఆయన అడిగింది ఎత్తు గురించి. మా అన్నయ్య పికప్‌కి వెనక పొడుగు షాకిళ్లు వేయించి, ముందు టార్షన్ బార్ లేపించాం. చూడ్డానికీ బాగుంది, తిరగడానికీ బాగుంది. టూ-వీల్ బండికి ముందు డ్రైవ్ షాఫ్టులు ఉండవు కదా, టార్షన్ బార్ తిప్పితే పాడయ్యేదేముంది? ఫోర్-వీల్ అయితే ఆ షాఫ్టుల చివర ఉండే సీవీ జాయింట్ల కోణం పెరిగి వాటి రబ్బరు తొడుగులు చిరుగుతాయి. మనకి ఆ టెన్షన్ లేదు. స్పానర్ పని, అంతే.

లెక్కల మాస్టారు

పెందుర్తి మిత్రుడు చెప్పినవి రెండు వేర్వేరు సమస్యలు. రెండింటికీ ఒకే మందు వెయ్యబోతున్నారు.

దిమ్మకి రాసుకుంటున్నది డిఫరెన్షియల్ గుండు. అది వెనక హౌసింగ్‌లో భాగం. ఆ హౌసింగ్‌ని నేల నుంచి ఎత్తి పట్టుకునేవి చక్రాలు, కమాన్లు కావు. షాకిల్, బ్లాక్, కొత్త పట్టీ, ఇవన్నీ హౌసింగ్‌కి పైన ఉన్న ఛాసిస్‌ని లేపుతాయి. ఛాసిస్‌ని మూడు అంగుళాలు కాదు, ముప్పై అంగుళాలు లేపినా గుండు కింద ఖాళీ వెంట్రుకవాసి కూడా పెరగదు. బాడీ లిఫ్ట్ అయితే ఛాసిస్‌ని కూడా లేపదు, దాని మీది క్యాబిన్‌ని, తొట్టిని మాత్రమే లేపుతుంది. మీ పనికి అది శుద్ధ దండగ.

గుండు లేవాలంటే టైరు పెరగాలి. 215/75 ఆర్15 టైరు మొత్తం ఎత్తు సుమారు 703 మి.మీ., 235/75 ఆర్15 ఎత్తు సుమారు 733 మి.మీ. తేడా 30. అందులో సగమే ఇరుసు కిందికి వస్తుంది, అంటే 15 మి.మీ., అర అంగుళం కన్నా కాస్త ఎక్కువ. దానికి బదులుగా మీరిచ్చేది ఏమిటంటే, గేరింగ్ నాలుగు శాతం పైచిలుకు బరువెక్కుతుంది. ఫస్ట్ గేర్లో లాగుడు అంతమేరకు తగ్గుతుంది, స్పీడోమీటర్ 60 చూపిస్తున్నప్పుడు బండి 62 దాటి వెళ్తుంటుంది. లోడుతో ఘాట్ ఎక్కే పాత బండికి ఆ నాలుగు శాతం క్లచ్ మీద పడుతుంది.

స్టెప్నీ మాత్రం ఛాసిస్‌కే వేలాడుతుంది, కాబట్టి వెనక లేపితే అదీ లేస్తుంది. కానీ ఆ మాత్రం దానికి బండినే లేపాలా? దాన్ని అక్కణ్ణుంచి తీసి, తొట్టిలో క్యాబిన్ గోడకి నిలబెట్టి బిగించండి. ఒక బస్తా చోటు పోతుంది.

పెందుర్తి పికప్

స్టెప్నీ సంగతి నాకు తట్టలేదు మాస్టారూ, బాగుంది. మరి దిమ్మకి ఏం చెయ్యాలి? 15 మి.మీ. కోసం నాలుగు టైర్లు కొనడం నావల్ల కాదు.

లెక్కల మాస్టారు

గాడిలోకి దిగకుండా తోలడమే. ఒక పక్క చక్రాలు దిమ్మ మీద, రెండో పక్కవి గాడి బయటి గట్టు మీద నడిపిస్తే గుండు గాడి మీదుగా పోతుంది.

పాడేరు డ్రైవర్

మాస్టారు గారూ, ఎండాకాలం అయితే మీరు చెప్పినట్టే తోల్తాం. వానాకాలం ఆ ఎర్రమట్టిలో దిమ్మ మీద పెట్టిన చక్రం జారి అడ్డంగా గాడిలో పడితే లాగడానికి ట్రాక్టర్ రావాలి. మెల్లగా, తెలిసిన చోట అయితేనే.

అయినా ఏటి బాబూ, అందరూ ఎత్తు ఎత్తు అంటున్నారు. ఈ దారుల్లో టూ-వీల్ బండి ఆగిపోయేది చాలామటుకు కింద తగిలి కాదు, పట్టు లేక. ఖాళీ పికప్‌కి వెనక బరువుండదు. ఒక వెనక చక్రం గాల్లోకి లేచినా, బురదలో పడినా అదొక్కటే గిర్రున తిరుగుతాది, రెండోది కదల్దు. ఎంత లేపినా ఈ జబ్బు పోదు.

నేను చేసేది చెప్తాను. పైకి ఖాళీగా వెళ్లను. సిమెంటో, ఉప్పు బస్తాలో ఏదో ఒక కిరాయి చూసుకుంటాను, లేకపోతే ఇసక బస్తాలు సరిగ్గా వెనక ఇరుసు మీదికి వచ్చేలా వేసి కట్టేస్తాను. తొట్టి చివర వేస్తే ముందు తేలిపోయి స్టీరింగ్ మాట వినదు. వెనక రెండు టైర్లూ గళ్లు లోతుగా ఉన్నవి వేసుకో. నున్నటి టైరుతో ఏ లిఫ్టూ పనిచేయదు. బురదలో గాలి కొంచెం తగ్గించుకోవచ్చు, కానీ ఖాళీ బండికే, మెల్లగా వెళ్లేటప్పుడే. తారు రోడ్డు ఎక్కేముందు మళ్లీ కొట్టించాలి. లోడు మీద గాలి తక్కువ ఉంటే టైరు వేడెక్కి పేలుతుంది. గెడ్డలో నీళ్లు హౌసింగ్ మీదికి వచ్చే రోజుల్లో హౌసింగ్‌కి గాలి ఆడే బ్రీదర్ పైపు మూసుకుపోయిందేమో చూసుకో. వేడి హౌసింగ్ చల్లటి నీళ్లలో దిగితే సీళ్ల దగ్గర నుంచి నీళ్లు లోపలికి లాగుతుంది, ఆయిల్ పాలలాగా తెల్లబడిపోతుంది.

ఆటోనగర్ పాతకాపు

పాడేరు డ్రైవర్ గారి మాటకి ఒకటికి రెండు దండాలు. ఇక మన కుర్రోడి ‘పాడయ్యేదేముంది’కి జవాబు చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

టార్షన్ బార్ బోల్టు బిగిస్తే బారు గట్టిపడదు. ముందు భాగం పైకి లేస్తుంది, అంతే. చక్రానికి పైకీ కిందికీ ఉన్న మొత్తం కదలిక మారదు కాబట్టి, నువ్వు పైకి లేపినంతా కిందికి దిగే కదలికలోంచి పోతుంది. ఎక్కువ లేపితే చిన్న గుంటలో కూడా పై ఆర్మ్ వెళ్లి స్టాపర్‌కి ఠంగుమని కొడుతుంది. సీవీ జాయింట్లు లేవు నిజమే, బాల్ జాయింట్లు ఉన్నాయిగా? అవి ఎప్పుడూ అంచు కోణంలో పనిచేస్తూ త్వరగా వదులవుతాయి. క్యాంబర్, క్యాస్టర్, టో అనే ముందు చక్రాల కోణాలన్నీ మారతాయి. అలైన్‌మెంట్ చేయించకుండా తిరిగితే టైరు ఒక అంచు అరిగిపోతుంది. ముందు దిగిపోయిన బండిని మొదటి ఎత్తుకి తేవడానికి బోల్టు వాడటం ధర్మమే. ఆ పైన అంగుళం దాటించడం నాకు ఇష్టం లేదు.

వెనక షాకిల్‌కి లెక్క వేరు. రెండు అంగుళాలు పొడుగు పెంచితే బండి లేచేది సుమారు ఒక అంగుళం. ఎందుకంటే కమానుకి ఒక కొసే దిగుతుంది. మూడు అంగుళాలు కావాలంటే ఆరు అంగుళాలు పెంచాలి, అప్పుడు మలుపుల్లో బండి వెనక భాగం పక్కలకి ఊగుతుంది. పైగా హౌసింగ్ కోణం మారి ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు (షాఫ్ట్ చివరి కీళ్లు) అదురుతాయి. బ్లాకులు నికరంగా ఎంత మందమో అంత లేపుతాయి, షాకిల్ కన్నా నయం. కానీ లోడుతో ఫస్ట్ గేర్లో లాగినప్పుడు హౌసింగ్ మెలితిరిగి కమాను ఎస్ ఆకారంలోకి వంగుతుంది. ఒక బ్లాకు మీద ఇంకో బ్లాకు మాత్రం ఎవరు చెప్పినా పెట్టించకండి.

అందరూ మర్చిపోయేది వెనక బ్రేకు లోడ్ వాల్వు. నీ బండికి ఉందేమో కిందికి దూరి చూడు, ఛాసిస్ నుంచి హౌసింగ్‌కి ఒక కడ్డీ కలిపి ఉంటుంది. ఛాసిస్‌కీ హౌసింగ్‌కీ మధ్య దూరాన్ని బట్టి తొట్టిలో ఎంత బరువుందో అది అంచనా వేసుకుంటుంది. నువ్వు షాకిల్‌తోనో బ్లాకుతోనో ఆ దూరం పెంచితే, లోడు ఉన్నా బండి ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేకులకి ఒత్తిడి తగ్గిస్తుంది. ఇక అనంతగిరి ఘాట్ దిగేటప్పుడు భారమంతా ముందు బ్రేకుల మీదే. అవి వేడెక్కి పట్టు వదిలేస్తే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. కొత్త పట్టీలతో మొదటి ఎత్తుకి తెస్తే ఈ వాల్వు కూడా కంపెనీ అనుకున్నట్టే పనిచేస్తుంది. నేను మళ్లీ మళ్లీ కమాన్లు అనేది ఇందుకే, కుర్రోడా.

ఘాట్ కుర్రోడు

సరే అన్నా, వాల్వు సంగతి ఒప్పుకుంటాను. మా బండికి ఉందో లేదో రేపే చూస్తాను. కానీ దిమ్మకి తగిలేది గుండు ఒక్కటే అన్నట్టు మాట్లాడుతున్నారు మాస్టారు. సైలెన్సర్, డీజిల్ ట్యాంకు, గేర్‌బాక్సు కింది అడ్డపట్టీ ఇవన్నీ ఛాసిస్‌కే ఉన్నాయి. గెడ్డలో బండరాళ్ల మీదుగా పోయేటప్పుడు నాకు తగిలింది అడ్డపట్టీయే. లిఫ్ట్‌తో అది ఆగింది. గుండు ఎత్తు పెరగలేదు కాబట్టి లిఫ్ట్ దండగ అంటే ఎలా?

లెక్కల మాస్టారు

మీ బండికి తగిలేది అడ్డపట్టీ అయితే మీకు లిఫ్ట్ పనికొచ్చింది, కాదనను. వారికి తగిలేది గుండు. అందుకే ఎక్కడ తగులుతోందో చూడకుండా ఎంత లేపాలో చెప్పలేం. కింద సున్నం పూసి ఒకసారి ఆ దారిలో తిప్పి తెస్తే, ఏది రాసుకుందో తెలిసిపోతుంది. ఇంకో మాట. బరువు మూడు అంగుళాలు పైకి పోయినా చక్రాల మధ్య వెడల్పు మారదు. ఎత్తుగా అల్లం బస్తాలు పేర్చుకుని మలుపులు దిగే బండికి అది మంచిది కాదు.

ఎఫ్‌సీ కాగితాలు

కాగితాల వైపు నుంచి ఎవరూ మాట్లాడలేదు, నేను చెప్తాను. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ కింద, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మీది సరకు బండి, పైగా ఎనిమిదేళ్లు దాటింది కాబట్టి ఏటా ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కి) వెళ్లాలి. బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కి బ్లాకులు కనిపించకుండా దాచలేరు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట వెతికేది కూడా ఇలాంటివే. అరిగిన కమాను బదులు అదే రకం కమాను వేయించడం రిపేరు కిందికి వస్తుంది, దానికి ఎవరూ అడ్డు చెప్పరు.

భీమిలి బీచ్ రైడర్

ఇంత తల బాదుకునే బదులు సెకండ్ హ్యాండ్‌లో ఫోర్-వీల్ బొలెరో క్యాంపర్ చూసుకోవచ్చుగా.

పెందుర్తి పికప్

కొనిపెడతారా అన్నా? 😀

నిన్న బండి కిందికి దూరి చూశాను. కమాన్లు పాతకాపు గారు చెప్పినట్టే చదునుగా ఉన్నాయి, ఎడమవైపు ఒక పట్టీ విరిగింది కూడా. బ్రేకు వాల్వు కడ్డీ ఉంది, కానీ హౌసింగ్ వైపు ఊడి వేలాడుతోంది. వెనక కొత్త పట్టీలు వేయిస్తాను, స్టెప్నీ తొట్టిలోకి మారుస్తాను. టైర్లు ఇదే సైజులో వెనక రెండూ గళ్లు లోతుగా ఉన్నవి వేస్తాను. బ్లాకులు వద్దులే. ముందు కూడా ఎడమ పక్క కొంచెం దిగినట్టుంది. టార్షన్ బార్ బోల్టు తుప్పు పట్టి కదలడం లేదు. గ్యాస్‌తో వేడి చేసి తిప్పేస్తామంటున్నారు, చేయించనా?

ఆటోనగర్ పాతకాపు

వద్దు. టార్షన్ బార్ అంటే బండి పొడవునా పరిచిన స్ప్రింగే. దాని దగ్గర మంట పెడితే టెంపర్ పోతుంది, తర్వాత ఎప్పుడో లోడు మీద విరుగుతుంది. తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి రాత్రంతా వదిలెయ్యి, మర్నాడు మళ్లీ కొట్టు. తిప్పేటప్పుడు ముందు భాగం జాకీ మీద లేపి, చక్రాలు వేలాడుతుండగా తిప్పమను, అప్పుడు బోల్టు మీద బరువు తగ్గుతుంది. జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టించు. మొదలుపెట్టే ముందు రెండు పక్కలా చక్రం మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచుకి ఎత్తు కొలిచి రాసుకో, బోల్టు ఎన్ని మరలు బయటికి కనిపిస్తోందో కూడా గుర్తు పెట్టుకో. వెనక పట్టీల పని అయ్యాకే ముందు జోలికి వెళ్లు, లేదంటే కొలతలు మళ్లీ మారతాయి. వాల్వు కడ్డీ మాత్రం వాటన్నింటి కోసం ఆగకుండా ఇవాళే తగిలించు. అది బిగించేదాకా ఘాట్ ఎక్కకు.