అనోరెక్సియా: పదహారేళ్ల పాపను సెంటర్‌లో చేర్చాలా, ఇంట్లోనే ఉంచుకుని చూసుకోవాలా?

నిజాంపేట అమ్మ:
అందరికీ నమస్తే. మా పెద్దమ్మాయికి 16 ఏళ్లు, మొన్ననే ఇంటర్ ఫస్టియర్ పరీక్షలు రాసింది. దసరా సెలవుల్లో నూనె వస్తువులు వద్దంది. తర్వాత అన్నం మానేసింది. తర్వాత శనివారం ఉపవాసం మొదలుపెట్టింది, పిల్లకు భక్తి కుదిరిందని మా అత్తగారు మురిసిపోయారు. సంక్రాంతికి ఊరెళితే చుట్టాలంతా "సన్నబడి ఎంత బాగున్నావే" అన్నారు. ఇప్పుడు నాలుగు నెలలుగా నెలసరి లేదు. ఈ ఎండల్లో ఫ్యాన్ ఆపి దుప్పటి కప్పుకుంటోంది. లావవుతాననే మాట ఒక్కసారీ అనలేదు, తింటే కడుపు ఉబ్బుతోందనేది. అందుకే గ్యాస్ట్రిక్ అనుకుని రెండు నెలలు కడుపు డాక్టర్ల చుట్టూ తిరిగాం. చివరికి సైకియాట్రిస్ట్ ఇది అనోరెక్సియా, తిండి మానేసేలా చేసే మానసిక జబ్బు అని చెప్పారు.

ఇప్పుడు ఇద్దరు డాక్టర్లు రెండు దారులు చూపిస్తున్నారు. ఒకరు వేరే ఊళ్లో ఒక రెసిడెన్షియల్ సెంటర్‌లో 3 నెలలు ఉంచమంటున్నారు. ఇంకొకరు ఇంట్లోనే, తల్లిదండ్రులే దగ్గరుండి తినిపించే ఫ్యామిలీ థెరపీ అంటున్నారు. సెంటర్‌కి ఫోన్ చేస్తే మొదటి నెల మేం అక్కడ ఉండకూడదన్నారు, ఆదివారం వీడియో కాల్ ఒక్కటే. సెకండియర్ మొదలయ్యేలోపు అయిపోతుందని మా ఆయన సెంటరే అంటున్నారు. నాకు మనసు రావట్లేదు. అలాగని నేను పెడితే తినే పిల్లయితే ఇంతదాకా వచ్చేదా?

నిర్వాహకురాలు:
జవాబుల్లో బరువు, క్యాలరీల అంకెలు రాయకండి. ఇదే జబ్బుతో ఉన్న పిల్లలూ ఇక్కడ చదువుతారు, ఆ అంకెలతో పోల్చుకుంటారు.

వనస్థలిపురం నాన్న:
చెల్లెమ్మా, ఇంట్లోనే చెయ్యండి. మా పాపకు 15 ఏళ్లప్పుడు మేం చేశాం. ఈ పద్ధతి 1980ల్లో లండన్‌లోని మాడ్స్‌లీ ఆసుపత్రిలో పుట్టింది. మొదటి దశలో ఏం తినాలి, ఎంత తినాలి అన్నది పూర్తిగా అమ్మానాన్నల చేతిలో ఉంటుంది. ఒళ్లు కోలుకున్నాక కొంచెం కొంచెంగా పిల్లకు అప్పగిస్తాం. చివర్లో చదువు, స్నేహాలు లాంటి వయసు సంగతులు. 6 నెలల నుంచి ఏడాదిలో దాదాపు 20 సిట్టింగులు.

మాట్లాడి ఒప్పిద్దామని మాత్రం చూడకండి. నేను మూడు నెలలు అదే తప్పు చేశాను. మా పాప తిండి ముట్టేది కాదు, కానీ రాత్రి రెండింటికి బిర్యానీ వీడియోలు చూస్తూ కూర్చునేది. అది నాటకం అనుకున్నాను. తర్వాత థెరపిస్టు చెప్పారు, 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది ఆరోగ్యవంతులైన కుర్రాళ్లకు తిండి తగ్గించి చూస్తే వాళ్లూ వంటల పుస్తకాలు పట్టుకుని తిరిగారని. ఆకలి బుర్రను అలా చేస్తుంది. ముందు తిండి పడాలి, ఆ తర్వాతే మాటలు తలకెక్కుతాయి.

మొదటి వారం ఎలా ఉంటుందో చెప్తాను, సిద్ధంగా ఉండండి. ముద్దపప్పు, నెయ్యి కలిపిన అన్నం ముందు పెడితే గంటా నలభై నిమిషాలు కూర్చుంది. వేళ్లకు అంటిన నెయ్యిని చున్నీకి తుడుచుకుంటోందని మా ఆవిడ కనిపెట్టింది. ఆ రోజు నుంచి తినేటప్పుడు చున్నీ లేదు, తిన్నాక గంటసేపు బాత్రూమ్ లేదు. "నువ్వు నా నాన్నవే కాదు" అంది. నేను కదల్లేదు. పదిహేడో రోజు తనే చెంచా తీసుకుంది.

మల్లెతీగ:
సార్, మీ పాప బాగుపడినందుకు నిజంగా సంతోషం. కానీ అందరికీ ఇదే చెప్పడం నేను ఒప్పుకోను. నాకిప్పుడు 27. నాకు 17 ఏళ్లప్పుడు మా ఇంట్లో ప్రతి పూటా యుద్ధమే. అమ్మ ఏడ్చేది, నాన్న కంచం విసిరేవారు, తర్వాత వాళ్లిద్దరూ గొడవపడేవారు. ఆ గొడవకు నేనే కారణమని ఇంకా తక్కువ తినేదాన్ని. వేరే ఊళ్లో ఆసుపత్రిలో ఏడు వారాలు ఉంచారు, దాంతోనే బతికాను. అక్కడి నర్సుకు నా మీద కోపం లేదు. నేను తినకపోతే ఆమె ఏడవలేదు. టైమ్ అయ్యేదాకా కూర్చుని, "సరే, ఇప్పుడు పాలు తాగుదాం" అనేది. ఆ మాట మా ఇంట్లో ఎవరూ అలా అనగలిగే స్థితిలో లేరు. పైగా ఇద్దరూ ఉద్యోగాలకెళ్లే ఇంట్లో రోజుకు ఆరుసార్లు ఎవరు కూర్చుంటారు?

వనస్థలిపురం నాన్న:
మేం జీతం లేని సెలవు పెట్టాం. అందరికీ కుదరదు, ఒప్పుకుంటాను. కానీ ఏడు వారాల తర్వాత ఇంటికొచ్చాక ఏమైందో కూడా చెప్పమ్మా.

మల్లెతీగ:
దాచడానికేం లేదు. మూడు నెలల్లో మళ్లీ జారిపోయాను. ఇంట్లో ఏం చెయ్యాలో మా అమ్మకు ఎవరూ నేర్పలేదు. డిశ్చార్జ్ రోజు ఒక డైట్ చార్ట్ ఇచ్చి పంపారు, అంతే. రెండోసారి అమ్మను కూడా కూర్చోబెట్టి నేర్పారు, అప్పుడు నిలబడ్డాను.

వార్డు సిస్టర్:
పదకొండేళ్లుగా పిల్లల వార్డులో పనిచేస్తున్నాను. మీరిద్దరూ అసలు అడగాల్సింది అడగకుండానే వాదించుకుంటున్నారు. ఆ పాప గుండె ఎలా ఉంది?

నిజాంపేట అమ్మా, పడుకున్నప్పుడు, నిలబడినప్పుడు బీపీ, నాడి చూపించారా? ఈసీజీ? రక్తంలో పొటాషియం, ఫాస్ఫేట్ లవణాలు? మెలకువగా ఉన్నప్పుడు నాడి నిమిషానికి 50 కంటే తక్కువుంటే అది ఇంటి కేసూ కాదు, సెంటర్ కేసూ కాదు. ఫిజీషియన్, సైకియాట్రిస్ట్ ఇద్దరూ ఉన్న ఆసుపత్రి కేసు. రక్తపరీక్ష నార్మల్ అని వస్తే నిశ్చింతగా ఉండిపోకండి, ఈ జబ్బులో ఒంట్లో ఉన్నదంతా అరిగేదాకా రిపోర్టులు బాగానే ఉండొచ్చు. ఇంకో మాట. చాలాకాలం పస్తున్న పిల్లకు కంగారుపడి ఒకేసారి బాగా పెట్టినా ప్రమాదమే. ఫాస్ఫేట్ పడిపోయి గుండె లయ తప్పుతుంది. అందుకే మొదటి రోజుల్లో రోజూ రక్తం చూస్తారు.

నాడి బాగుంటే నా ఓటు ఇంటికే. ఇంగ్లండ్ ప్రభుత్వ మార్గదర్శకాలు కూడా 2017 నుంచి ఈ వయసు పిల్లలకు మొదట ఫ్యామిలీ థెరపీనే చెబుతున్నాయి. అదేం మంత్రం కాదు. 2010లో అమెరికాలో 121 మంది పిల్లల మీద చేసిన పరిశోధనలో, చికిత్స ముగిసిన ఏడాదికి ఫ్యామిలీ థెరపీ తీసుకున్నవాళ్లలో 49 శాతం పూర్తిగా కోలుకున్నారు, ఒంటరిగా థెరపీ తీసుకున్నవాళ్లలో 23 శాతం. రెండో దానికంటే రెట్టింపు. కానీ సగం మందికి అదీ సరిపోలేదు. మల్లెతీగ చెప్పినట్టు ఇంట్లో కంచాలు ఎగిరే పరిస్థితి ఉంటే నేనూ వార్డే అంటాను.

ఇక ఆ సెంటర్ సంగతి. మొదటి నెల తల్లిదండ్రులు ఉండకూడదనడం నాకు అస్సలు నచ్చలేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 87వ సెక్షన్ ప్రకారం మైనర్‌ను చేర్చుకుంటే ఆ బిడ్డ తరఫు ప్రతినిధి, అంటే మామూలుగా తల్లో తండ్రో, లేదా వాళ్లు పెట్టిన తోడు మనిషి, ఉన్నన్ని రోజులూ అక్కడే ఉండాలి. ఆడపిల్లయి, ప్రతినిధి మగవారైతే తోడుగా ఒక ఆడమనిషి తప్పనిసరి. చేర్చుకునే ముందు ఇద్దరు నిపుణులు విడివిడిగా చూడాలి, వాళ్లలో కనీసం ఒకరు సైకియాట్రిస్ట్ అయ్యుండాలి. ఇవన్నీ వాళ్లను సూటిగా అడగండి. రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ దగ్గర రిజిస్ట్రేషన్ ఉందా, రాత్రిపూట డాక్టర్ ఉంటారా అని కూడా. పిల్ల ఇంటికొచ్చాక మొదటి నెల ఎవరు చూస్తారో చెప్పలేకపోతే ఫోన్ పెట్టేయండి.

మియాపూర్ రవి:
ఇన్సూరెన్స్ గురించి ఒక్క మాట. అదే చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఒంటి జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలి. కుదరదని ఫోన్‌లో చెబితే ఊరుకోకండి, రాసిమ్మనండి. రాత్రిళ్లు తట్టుకోలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

నిజాంపేట అమ్మ:
సిస్టర్ గారూ, మీరు రాసిన రోజు సాయంత్రం పాప టీవీ చూస్తుంటే చెయ్యి పట్టుకుని గడియారం చూస్తూ లెక్కపెట్టాను. 44. తప్పు లెక్కపెట్టానేమోనని మళ్లీ పట్టుకున్నాను. 43. రాత్రికే ఆసుపత్రికి తీసుకెళ్లాం, గుండెకు మానిటర్ పెట్టారు.

ఇవాళ ఆరో రోజు. ఫాస్ఫేట్ రోజూ చూస్తున్నారు, నాడి 50 దాటింది. సెంటర్‌కి ఫోన్ చేసి 87వ సెక్షన్ గురించి అడిగితే "మా పద్ధతి అంతే మేడమ్" అన్నారు. వద్దని చెప్పేశాం. మధ్యాహ్నం ఇక్కడి సిస్టర్ నన్ను పక్కన కూర్చోబెట్టి, గిన్నె వైపు కాదు, పాప ముఖం వైపు చూస్తూ మామూలు కబుర్లు చెప్పమంది. పిల్లి కథ ఏదో చెప్పాను. ముప్పావు గంటకు గిన్నెలో పెరుగన్నం అయిపోయింది. మా ఆయన తలుపు దగ్గరే నిలబడి చూశారు.

వనస్థలిపురం అన్నా, మీ థెరపిస్టు సాయంత్రం ఆరు తర్వాత చూస్తారా? మా ఆయన కనుక్కోమన్నారు.