541 దగ్గర ఆపేశాను: 429,49,67,297ని ఆయిలర్ ఎలా విడగొట్టాడు?

ప్రశ్న:
2³² + 1 అంటే 429,49,67,297. 2 ఘాతం 1, 2, 4, 8, 16 తీసుకుని 1 కలిపితే వచ్చే 3, 5, 17, 257, 65,537 తర్వాత అదే వరుసలో (ఫెర్మా సంఖ్యలంటారు) వచ్చేది. ఇదీ ప్రధాన సంఖ్యేనని గణితవేత్త ఫెర్మా నమ్మాడు. కాదని 1732లో మరో గణితవేత్త ఆయిలర్ తేల్చాడు. ఆ కారణాంకమేదో చూడకుండా నేనే పట్టుకోవాలని కాగితం, పెన్ను తీసుకుని 3 నుంచి ప్రతి ప్రధాన సంఖ్యతోనూ భాగిస్తూ పోయాను. నాలుగు సాయంత్రాలు పట్టింది. 541, అంటే నూరో ప్రధాన సంఖ్య దగ్గర ఓపిక అయిపోయింది. జవాబు చూస్తే 641! ఇంకో పదహారు ప్రయత్నాలు చేస్తే దొరికేది.

ఆయిలర్ కూడా ఇలాగే వెళ్లాడా? కంప్యూటర్‌తో చేసే పద్ధతి వద్దు, చేత్తో చేసేది చెప్పండి.

జవాబు 1:
641 దీన్ని భాగిస్తుందని భాగహారం లేకుండానే చూడొచ్చు. 641 = 5×2⁷ + 1. అదే 641 = 5⁴ + 2⁴ కూడా. మొదటిదాన్ని బట్టి 5×2⁷ని 641తో భాగిస్తే శేషం −1 (641కి ఒకటి తక్కువ), నాలుగో ఘాతం చేస్తే 5⁴×2²⁸కి శేషం 1. రెండోదాన్ని బట్టి 5⁴ బదులు −2⁴ పెట్టొచ్చు. అంటే −2³²కి శేషం 1, కాబట్టి 2³² + 1కి శేషం 0. అయిపోయింది! నాకు ఎంతో ఇష్టమైన నిరూపణ ఇది. కాకపోతే 641 ఎలా తట్టిందో ఇది చెప్పదు.

జవాబు 2:
అది నేను చెబుతాను. 1732లో ఆయిలర్ జవాబు మాత్రమే ఇచ్చాడు, దారి తర్వాతి వ్యాసంలో చూపించాడు.

p అనే ప్రధాన సంఖ్య దీన్ని భాగిస్తే 2³²కి శేషం −1, కాబట్టి 2⁶⁴కి శేషం 1. 64 కంటే ముందు ఏ ఘాతం దగ్గరా 1 రాదు. వస్తే ఆ ఘాతం 64ని భాగించాలి, అప్పుడు 2³²కే 1 వచ్చి ఉండేది. ఇక ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం 2 యొక్క p−1 ఘాతానికీ శేషం 1. కనుక p−1ని 64 నిశ్శేషంగా భాగించి తీరాలి. అలాంటి ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641. ఐదోదే మీరు వెతికింది!

ఫెర్మా నమ్మకాన్ని కూల్చింది ఫెర్మా సిద్ధాంతమే. పనిముట్టు ఆయన చేతిలోనే ఉంది, ఐదు భాగహారాల దూరం. తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

1878లో గణితవేత్త లూకా ఆ 64ని 128 చేశాడు, అంటే p−1ని 128 కూడా భాగించాలని చూపాడు. అప్పుడు 257, వెంటనే 641.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. 641తో భాగిస్తే వచ్చే రెండో కారణాంకం 67,00,417 ప్రధానమో కాదో ఇదే జల్లెడతో ఈ రాత్రే చూశాను. దాని వర్గమూలం 2,588 దాటి కొంచెం. 128తో భాగిస్తే 1 మిగిలే ప్రధాన సంఖ్యలు అంతలోపు ఐదే: 257, 641, 769, 1153, 1409. శేషాలు వరుసగా 170, 44, 120, 334, 622. ప్రధానమే!

జవాబు 2:
641ని మళ్లీ పరీక్షించడం మంచి పని, చాలామంది దాన్ని వదిలేస్తారు. 257 మాత్రం అక్కర్లేదు. అదీ ఫెర్మా సంఖ్యే, రెండు ఫెర్మా సంఖ్యలకు ఉమ్మడి కారణాంకం ఉండదు.