మిడ్ పోతే మళ్లీ పెట్టాలా, 80:20 చాలదా?

నాగావళి ఒడ్డు: విజయనగరం జేఎన్‌టీయూ కాలేజీల్లో జ్వరమొచ్చి ఒక మిడ్ (సెమిస్టర్‌లో కాలేజీ పెట్టే రెండు ఇంటర్నల్ పరీక్షల్లో ఒకటి) పోయినవాళ్లకి మళ్లీ పెట్టాలని అడుగుతున్నారు. నేను వద్దంటాను. ఎక్కువ వచ్చిన మిడ్‌కి 80 శాతం, రెండోదానికి 20 శాతం అన్న లెక్కలోనే ఆ వెసులుబాటు ఉంది. 30కి 25 తెచ్చుకునేవాడు ఒకటి రాయకపోతే 20 పడతాయి. పోయేది ఐదే. మళ్లీ పెడితే కొత్త పేపరు కావాలి, అది కాస్త తేలికైతే మొదట రాసినవాళ్లు ఊరుకోరు.

సిరిమాను: బాగా చదివేవాడికి ఐదే మాస్టారూ. 15 వచ్చేవాడికి 12 అవుతుంది. పాసవ్వడానికి మొత్తం నూటికి 40 కావాలి గనక ఎక్స్‌టర్నల్లో, అంటే సెమిస్టర్ చివరి పరీక్షలో, 70కి 25 బదులు 28 తేవాలి. కుడి చెయ్యి విరిగి రెండు మిడ్లూ పోయినవాడైతే ఏకంగా 40 తేవాలి. సప్లీ (తప్పినవాళ్లకి మళ్లీ పెట్టే చివరి పరీక్ష) ఎన్నిసార్లు రాసినా ఇంటర్నల్ సున్నా సున్నాగానే ఉంటుంది.

ఉద్దానం పిల్ల: మీరిద్దరూ మిడ్ల దగ్గరే ఆగిపోయారు. అసలు కొంప ముంచేది అటెండెన్సు. 75 శాతం ఉండాలి. 65 దాకా ఫీజు కట్టించుకుని క్షమిస్తారు, అంతకు తగ్గితే ఏ కారణానికీ ఒప్పుకోరు. సెమిస్టర్‌కి పదహారు వారాలు, వారానికి ఆరు రోజుల చొప్పున 96 రోజులు అనుకోండి. నాన్నని వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి తీసుకెళ్లే కొడుకు 32 రోజులు మానేస్తాడు, 66 శాతంతో గట్టెక్కుతాడు. మూడుసార్లయితే 50 శాతం, డిటెయిన్, అంటే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి. డయాలసిస్ మామూలుగా మూడుసార్లే చేస్తారు. పైగా క్షమించాలా వద్దా తేల్చే కమిటీ అడిగేది విద్యార్థి సొంత మెడికల్ సర్టిఫికెట్. రోగం నాన్నది కదా, దానికేటి చెప్తారు?

నాగావళి ఒడ్డు: న్యాయమే. కానీ తలుపు తెరిస్తే దొంగ సర్టిఫికెట్లు కూడా దూరతాయి.

సిరిమాను: ఇప్పుడు దూరడం లేదా? "వారం బెడ్ రెస్ట్" అని ఒక్క ముక్క, పరీక్షైన పది రోజులకి రాయించినది, దాన్నే తీసుకుంటున్నారు. ఆ కాగితం ఒక్కటీ చాలదనాలి. ఓపీ చీటీ, ల్యాబ్ రిపోర్టు, అడ్మిట్ అయితే డిశ్చార్జి సమ్మరీ అడగాలి. డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూడాలి. ఆ తేదీల్లో కాలేజీ ల్యాబ్ రిజిస్టర్లో వాడి సంతకం ఉంటే అక్కడే దొరికిపోతాడు. డయాలసిస్‌కైతే సెషన్ల తేదీలు ఆసుపత్రి రికార్డులోనే ఉంటాయి, అబద్ధమాడే వీలు తక్కువ.

బ్రిటన్‌లో చాలా యూనివర్సిటీలది ఇంకో పద్ధతి. పరీక్షకి కూర్చున్నావంటే ఆరోగ్యం బాగున్నట్టే లెక్క, రాశాక ఒంట్లో బాగోలేదంటే సాధారణంగా వినరు. మన దగ్గర దాన్ని ఒప్పుకోను. జ్వరంతోనైనా వచ్చి రాసినవాడికే శిక్ష పడుతుంది.

ఉద్దానం పిల్ల: తుఫానుకి మాత్రం సర్టిఫికెట్ అడగకూడదు. 2018 అక్టోబరులో తిత్లీ తీరం దాటింది పలాస దగ్గర. కలెక్టర్ సెలవు అయిపోయినా ఊళ్లలో కరెంటు రోజుల తరబడి రాలేదు. పిల్లాడి చిరునామా ప్రభుత్వం ప్రకటించిన బాధిత మండలాల జాబితాలో ఉంటే చాలు, అడక్కుండానే ఆ రోజులు లెక్కలోంచి తీసేయాలి. ఇల్లు కూలినవాడు కాగితం ఎక్కడినుంచి తెస్తాడు?

నాగావళి ఒడ్డు: తుఫానుకి ఒప్పుకున్నాను. మిడ్ల విషయంలో సగమే: రెండూ పోయినవాళ్లకి ఒక్కసారి పెట్టండి, అదీ ఇంటర్నల్ మార్కులు యూనివర్సిటీకి వెళ్లకముందే, సగం సిలబస్‌కి కాదు, సిలబస్ మొత్తానికి. ఒకటే పోయినవాడికి 80:20 చాలు.

సిరిమాను: ఆ 15 మార్కులవాడి సంగతి మళ్లీ వదిలేశారు మాస్టారూ.