పాత బొమ్మల సినిమాలు ఇంట్లో సరిగ్గా చూడాలంటే? టీవీ సెట్టింగులు, ఏది ముందు, తెలుగు ఆడియో

మల్కాజిగిరి_మేడ అడిగిన ప్రశ్న:

ఆదివారం సాయంత్రాలు ఇంటిల్లిపాదీ కూర్చుని పాతకాలం చేతిగీతల యానిమేషన్ సినిమాలు చూద్దామనుకుంటున్నాం. చూసేవాళ్లు 4 ఏళ్ల పాప, 9 ఏళ్ల బాబు, మేమిద్దరం, తెలుగు తప్ప వేరే భాష రాని నాన్నమ్మ. టీవీ 43 అంగుళాల 4కె. దానికి ఒక స్ట్రీమింగ్ స్టిక్, చిన్న సౌండ్‌బార్ ఉన్నాయి.

ఇబ్బందులు ఇవీ: బొమ్మలు సీరియల్‌లో మనుషుల్లా జారుతున్నట్టు కదులుతున్నాయి. పరిగెత్తే చోట గీతలు నలిగిపోతున్నాయి. కొన్ని సినిమాలకు అటూ ఇటూ నల్లపట్టీలు వస్తున్నాయి, జూమ్ చేస్తే తలలు తెగుతున్నాయి. మాటలు లోగొంతుకలో, సంగీతం మాత్రం ఇల్లదిరేలా వస్తోంది. ఇవి సరిచేసే దారి చెప్పండి. అలాగే పాప జడుసుకోకుండా ఏవి ముందు చూపించాలి, నాన్నమ్మకు అర్థమయ్యేవి ఏవి?

రీలుపెట్టె:

ముందు కదలిక సంగతి చూద్దామండి, మిగతావన్నీ దాని తర్వాతే.

సినిమా సెకనుకు 24 ఫ్రేములు. చేతిగీతల సినిమాల్లో చాలాచోట్ల ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు పట్టి ఉంచుతారు. అంటే సెకనుకు గీసినవి 12 బొమ్మలే. కొత్త టీవీ ఏం చేస్తుందంటే, రెండు ఫ్రేముల నడుమ తానే ఒక ఫ్రేము ఊహించి చొప్పిస్తుంది. కెమెరాతో తీసిన మనిషి నడకలో ఆ ఊహ కొంతవరకు కుదురుతుంది. గీసిన బొమ్మలో చెయ్యి ఒక చోటి నుంచి ఇంకో చోటికి గెంతుతుంది, నడుమ ఏ గీతా లేదు. టీవీ రెండు గీతలనూ కలిపి పిసికేస్తుంది. మీకు కనిపించే నలుగుడు అదే. సినిమాలో లోపం లేదు.

ఆపాల్సిన సెట్టింగు పేరు కంపెనీని బట్టి మారుతుంది. శాంసంగ్‌లో పిక్చర్ క్లారిటీ (పాత సెట్లలో ఆటో మోషన్ ప్లస్), ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో. ఏదైనా సరే పూర్తిగా ఆఫ్ చేయండి. మీ టీవీలో ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అది పెట్టుకుంటే చాలు, ఈ పనులు చాలావరకు ఒక్క నొక్కుతో అయిపోతాయి. చాలామంది పొరబడేది ఇక్కడ: ఎన్నో టీవీల్లో ఈ సెట్టింగులు ఏ హెచ్‌డీఎంఐకి ఆ హెచ్‌డీఎంఐకి విడిగా ఉంటాయి. సెట్‌టాప్ బాక్స్ మీద ఉండగా మారిస్తే స్టిక్ పెట్టిన పోర్టుకు అది అంటదు. స్టిక్‌లో సినిమా నడుస్తుండగానే మార్చండి.

తర్వాత నాయిస్ రిడక్షన్ ఆఫ్. ఇది ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే 1961 నాటి "వన్ హండ్రెడ్ అండ్ వన్ డాల్మేషియన్స్" చూడండి. అంతకుముందు పెన్సిలు బొమ్మ మీద పారదర్శకమైన సెల్ షీటు పరిచి, సిరాతో నున్నగా తిరగగీసేవాళ్లు. డాల్మేషియన్స్ నుంచి జెరాక్సు పద్ధతిలో పెన్సిలు గీతనే నేరుగా సెల్ మీదికి ఎక్కించారు. అందుకే గీత గరుకుగా, చిత్రకారుడి చెయ్యి తెలిసేలా ఉంటుంది. నాయిస్ రిడక్షన్ ఆ గరుకును మురికి అనుకుని తుడిచేస్తుంది.

పరీక్ష కూడా ఆ సినిమా మీదే పెట్టుకోవచ్చు. మొదట్లో పాంగో కిటికీలోంచి చూస్తుంటే ఆడవాళ్లు తమ తమ కుక్కలతో వీధిలో నడిచిపోయే సీను ఉంటుంది. అక్కడ ఆపి టీవీ దగ్గరికి వెళ్లి చూడండి. నల్లగీత పక్కన సన్నటి తెల్ల అంచు కనిపిస్తే షార్ప్‌నెస్ ఎక్కువైనట్టే. ఆ అంచు పోయేదాకా ఒక్కో అంకె తగ్గించండి. కొన్ని సెట్లలో సున్నా దాకా పోవాలి, కొన్నింటిలో నడిమి అంకె దగ్గరే ఆగాలి. అందుకే అంకెను కాదు, అంచును చూడమంటున్నాను.

రంగులకు వివిడ్ మోడ్ వద్దు. 1937 "స్నో వైట్" నేపథ్యాలు నీటిరంగులతో వేసినవి, మెత్తగా ఉంటాయి. వివిడ్ వాటిని పండగ షామియానాలా చేస్తుంది. కలర్ టోన్ వార్మ్‌లో పెట్టండి. మొదటి పది నిమిషాలు పసుపుగా ఉందనిపిస్తుంది, ఆపైన కన్ను అలవాటు పడుతుంది.

నల్లపట్టీలను ముట్టుకోకండి. 1953కు ముందు హాలీవుడ్ సినిమా తెర కొలత దాదాపు 1.37కు 1. మీ 43 అంగుళాల తెర సుమారు 95 సెం.మీ. వెడల్పు, 53 సెం.మీ. ఎత్తు. అందులో ఆ బొమ్మ 73 సెం.మీ. వెడల్పే వస్తుంది, మిగిలింది పట్టీలు. జూమ్ చేస్తే ఎత్తులో దాదాపు పావు వంతు కోసుకుపోతుంది. స్ట్రెచ్ చేస్తే మరుగుజ్జులు ఇంకా లావెక్కుతారు. 1959 "స్లీపింగ్ బ్యూటీ" దీనికి తలకిందులు. తెర 2.55కు 1, కాబట్టి మీ టీవీలో బొమ్మ ఎత్తు 37 సెం.మీ. దగ్గర ఆగుతుంది. 43 అంగుళాలకు మామూలుగా 1.75 మీటర్ల దూరం బాగుంటుంది. ఆ ఒక్క సినిమాకు సోఫా ఇంకో అడుగు ముందుకు లాగండి. నేపథ్యంలో ప్రతి చెట్టూ విడిగా కనిపించాల్సిన సినిమా అది.

మాటలు వినపడకపోవడానికి కారణం 5.1 ట్రాకు, అంటే ఆరు స్పీకర్లకు విడివిడిగా పంచిన శబ్దం. అందులో మాటలన్నీ మధ్య స్పీకరుకు పోతాయి. రెండు స్పీకర్ల బార్ ఆ మధ్య భాగాన్ని తక్కువలో కలుపుతుంది. స్టిక్ ఆడియో సెట్టింగులో సరౌండ్ తీసేసి స్టీరియో పెట్టండి. బార్‌లో సరౌండ్, మూవీ మోడ్‌లు ఆపి, వాయిస్ మోడ్ ఉంటే ఆన్ చేయండి. 1930ల, 40ల సినిమాలు చాలావరకు మోనోలో, అంటే శబ్దమంతా ఒకే ఛానెల్లో తయారైనవి. వాటి మీద సరౌండ్ ఎఫెక్టు వేస్తే గొంతు బావిలోంచి వచ్చినట్టు ఉంటుంది. మీది అపార్ట్‌మెంటు అయితే నైట్ మోడ్ కూడా పనికొస్తుంది. పెద్ద చప్పుళ్లను కిందికి, చిన్నవాటిని పైకి తెస్తుంది.

మల్కాజిగిరి_మేడ:

చాలా థాంక్స్ అండి. మోషన్ ఆఫ్ చేశాక ఆ జారుడు పోయింది, డాల్మేషియన్స్‌లో పెన్సిలు గీత స్పష్టంగా కనిపిస్తోంది. కానీ దృశ్యం మెల్లగా పక్కకు జరిగే చోట సన్నటి కుదుపు వస్తోంది. ముందు ఇది లేదు.

రీలుపెట్టె:

మీ స్టిక్ 60 హెర్ట్జ్‌లో, అంటే సెకనుకు 60 ఫ్రేములుగా పంపుతోంది. 24ను 60లో సర్దాలంటే ఒక ఫ్రేమును మూడుసార్లు, తర్వాతి దాన్ని రెండుసార్లు చూపించాలి. ఆ ఎగుడుదిగుడే కుదుపు. స్టిక్ డిస్‌ప్లే సెట్టింగుల్లో అసలు ఫ్రేమ్ రేటుకు సరిపెట్టే ఆప్షన్ ఉంటుంది (మ్యాచ్ ఒరిజినల్ ఫ్రేమ్ రేట్), అది ఆన్ చేయండి. సినిమా మొదలయ్యేటప్పుడు, అయిపోయేటప్పుడు తెర ఒక్క క్షణం నల్లబడుతుంది, కంగారు పడకండి. ఆ తర్వాత కూడా మిగిలే కొద్దిపాటి కుదుపు 24 ఫ్రేముల సహజ గుణం. దానికోసం ఆపేసిన మోషన్ సెట్టింగు మళ్లీ వేయకండి.

బొమ్మలకొలువు:

సినిమాల సంగతి నేను చెప్తానండి. వెతికేటప్పుడు పేరు కాదు, సంవత్సరం, నిడివి చూడండి. "ది జంగిల్ బుక్" 1967ది 78 నిమిషాలు, 2016ది 106. "ది లయన్ కింగ్" 1994ది 88 నిమిషాలు, 2019ది 118. తెలుగు డబ్బింగ్ అని వెతికితే ముందు వచ్చేది నాని సింబాకు గొంతిచ్చిన 2019 సినిమా. అది మంచిదే, కానీ చేతిగీతలది కాదు.

పాప కోసం మొదటి వారం "మై నైబర్ టోటోరో" పెట్టండి. 1988, జపాన్ దర్శకుడు మియజాకి స్టూడియో జిబ్లీలో తీసిన సినిమా, 86 నిమిషాలు. అందులో దుష్టుడే లేడు. అమ్మ ఆస్పత్రిలో ఉంటుంది, చివర్లో చిన్నమ్మాయి మెయి తప్పిపోతుంది, అంతకు మించి భయం లేదు. మాట కూడా తక్కువే. బస్టాపులో వాన పడుతుండగా టోటోరో గొడుగు కింద నిలబడే ఘట్టం చూడండి. ఆకుల మీంచి రాలిన చినుకులు గొడుగు మీద టపటపమంటే దానికి ఒళ్లంతా పులకరింత. డైలాగు లేకుండా నాన్నమ్మా మనవరాలూ ఒకేసారి నవ్వే చోటు అది. జాగ్రత్త ఒకటి: అదే స్టూడియో నుంచి అదే రోజున జపాన్‌లో విడుదలైన "గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్" జాబితాలో పక్కనే కనిపిస్తుంది. అది యుద్ధంలో అనాథలైన అన్నాచెల్లెళ్ల కథ. గొప్ప సినిమా, పెద్దవాళ్లు చూడాల్సినది. 4 ఏళ్లకు, 9 ఏళ్లకు కూడా వద్దు.

రెండో వారం 1967 జంగిల్ బుక్. షేర్‌ఖాన్‌తో చివరి పోరు మెరుపులూ మంటలతో ఉంటుంది, ముందే చెప్పి ఉంచితే చాలు.

నిడివి చూసి మోసపోకండి. "డంబో" 64 నిమిషాలే, "బాంబీ" 70 నిమిషాలే. కానీ డంబోలో తల్లి ఏనుగును గొలుసులతో కట్టేస్తారు, బాంబీలో సగం దాటగానే తల్లి చనిపోతుంది. "పినోకియో"లో (1940, 88 నిమిషాలు) పిల్లలు గాడిదలయ్యే ఘట్టం నా దృష్టిలో ఆ కాలపు సినిమాలన్నిట్లో భయంకరమైనది. గోడ మీద నీడలో పిల్లాడి చేతులు గిట్టలవుతాయి, "అమ్మా" అని అరుపు ఓండ్ర అవుతుంది. 4 ఏళ్లకు అస్సలు వద్దు. 9 ఏళ్ల బాబుకైతే పక్కన కూర్చుని చూపించండి. పాప ఆరేడేళ్లకు వచ్చాక లయన్ కింగ్ పెట్టండి. ముఫాసా మరణం మొదటి సగంలోనే వస్తుంది. అక్కడ ఫార్వర్డ్ చేయకండి. చేస్తే సింబా ఎందుకు పారిపోయాడో పిల్లలకు అర్థం కాదు, మిగతా కథంతా తేలిపోతుంది.

నాన్నమ్మకు, నా మాట వినండి, "రామాయణ: ది లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ" పెట్టండి. జపాన్‌కు చెందిన యుగో సాకో, మన రామ్ మోహన్ కలిసి 1990ల మొదట్లో చేసినది. 2025 జనవరిలో 4కెలో థియేటర్లకు వచ్చినప్పుడు తెలుగు డబ్బింగ్ కూడా వచ్చింది. నిడివి 135 నిమిషాలు, పిల్లలు ఒక్క బిగిన కూర్చోలేరు. హనుమంతుడు సముద్రం దాటే ముందు ఆపి, మిగతాది మరుసటి వారం చూడండి. ఆ వారమంతా నాన్నమ్మ తర్వాతి కథ చెప్పుకోవచ్చు. కుంభకర్ణుడి యుద్ధం దగ్గర వాల్యూమ్ తగ్గించండి. ఏ సినిమాకైనా సరే తెలుగు ట్రాకు ఉందో లేదో శనివారమే ప్లే చేసి, ఆడియో మెనూ తెరిచి చూసుకోండి. పోస్టరు మీద తెలుగులో పేరు ఉన్నంత మాత్రాన ఆడియో తెలుగులో ఉన్నట్టు కాదు.

నేరుగా తెలుగులోనే తీసినదైతే "కిట్టు" (2006) ఉంది, ఉత్తమ యానిమేషన్ చిత్రంగా జాతీయ అవార్డు పొందింది. దొరికితే వదలకండి.

మాటే అక్కర్లేనివి ఇంకో దారి. "ది స్నోమన్" (1982) 26 నిమిషాలు, మాటలు లేవు. "షాన్ ది షీప్ మూవీ" (2015) మట్టిబొమ్మలది, అందులోనూ గొణుగుడే తప్ప డైలాగు లేదు. "ఫాంటేసియా" (1940) మొత్తం రెండు గంటల పైమాట, పిల్లలకు అంతా పెట్టకండి. పుట్టగొడుగుల నాట్యం, మిక్కీ చీపురుకట్టల చేత నీళ్లు మోయించే ముక్క చూపిస్తే చాలు. రెండోది పదినిమిషాల లోపే అయిపోతుంది. చివరి భాగంలో కొండ మీద దయ్యాలు లేస్తాయి, దానికి ముందే ఆపేయండి.

గోడమీది_వెలుగు:

టీవీ బదులు చవక ప్రొజెక్టరు కొనాలన్న ఆలోచన వస్తే ఒక మాట. "1080పి సపోర్ట్" అని రాసి ఉంటే ఆ ఫైలు తీసుకుంటుందని అర్థం, చూపించేది 480పి కూడా కావచ్చు. "నేటివ్" అనే మాట పక్కన ఏ అంకె ఉందో చూడండి. వెలుగును కొలిచే ల్యూమెన్లలో "ఆన్సీ" (ఒక ప్రామాణిక కొలత) అంకె ఒక్కటే నమ్మండి. 80 అంగుళాల బొమ్మ 177 సెం.మీ. వెడల్పు. త్రో నిష్పత్తి (గోడకు దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చేది) 1.3 అయితే ప్రొజెక్టరు గోడకు 2.3 మీటర్ల దూరంలో ఉండాలి. పక్కన పెట్టి, వంకరపోయిన బొమ్మను కీస్టోన్ సెట్టింగుతో సరిచేస్తే పిక్సెళ్లు పోయి గీత మెట్లుమెట్లుగా కనిపిస్తుంది. ఎదురుగా, నిటారుగా పెట్టండి. దుప్పటి కడితే వెలుగు వెనక్కి దూరిపోతుంది, నిగనిగలాడని తెల్లగోడే మేలు. ఎండాకాలం సాయంత్రం ఆరింటికి కూడా కిటికీ వెలుగు మిగిలే ఉంటుంది, కాబట్టి ఏడు దాటాకే పెట్టుకోండి.

తోలుబొమ్మ:

రాయని పేరు ఒకటి చేరుస్తాను. "ది అడ్వెంచర్స్ ఆఫ్ ప్రిన్స్ అహ్మద్" 1926 నాటిది, జర్మనీకి చెందిన లొట్టే రైనిగర్ చేసింది. ఇప్పటికీ దొరికే పూర్తి నిడివి యానిమేషన్ సినిమాల్లో ఇదే అన్నిటికంటే పాతది. నల్లటి అట్ట, పల్చటి సీసపు రేకుతో కత్తిరించిన నీడబొమ్మలు, కీళ్ల దగ్గర తీగ, కింద నుంచి వెలుగు పడే గాజుబల్ల. మన తోలుబొమ్మలాట చూసిన నాన్నమ్మకు దీన్ని వివరించక్కర్లేదు. మూకీ కాబట్టి భాష బెడద లేదు. తెర మీద అక్షరాలు వచ్చినప్పుడు మీలో ఒకరు తెలుగులో గట్టిగా చదివితే సరి.

చూశాక బాబు చేత ఇలాంటిది చేయించవచ్చు. నల్ల డ్రాయింగు చార్టు మీద బొమ్మను తల, మొండెం, రెండు చేతులు, రెండు కాళ్లుగా విడివిడిగా కత్తిరించండి. చేతిని మోచేతి దగ్గర కూడా రెండు ముక్కలు చేయాలి, లేకపోతే సైగలు రావు. ముక్కలు ఒక సెంటీమీటరు ఒకదాని మీద ఒకటి ఎక్కేలా పెట్టి, బట్టలకు కుట్టే దారంతో ముడేయండి. ముడి మరీ బిగిస్తే చెయ్యి తిరగదు, వదులైతే పెట్టిన చోట నిలవక జారుతుంది. బొమ్మను తెల్లకాగితం మీద పరిచి, ఫోను పైనుంచి కదలకుండా నిలబెట్టి, స్టాప్‌మోషన్ యాప్‌లో సెకనుకు 12 ఫొటోలు అని పెట్టండి. పది సెకన్లకు 120 ఫొటోలు. ఒక్కో ఫొటోకు చెయ్యి అర సెంటీమీటరు జరిపితే మెల్లటి కదలిక, రెండు సెంటీమీటర్లు జరిపితే విసురు.

పాడయ్యేది ముఖ్యంగా రెండు చోట్ల. ఫోను ఒక్కో ఫొటోకు వెలుతురును తానే సవరించుకుంటే వీడియో మినుకుమినుకుమంటుంది. మొదటి ఫొటోకు ముందే తెర మీద వేలు నొక్కిపట్టి ఎక్స్‌పోజరు, ఫోకస్ రెండూ లాక్ చేయండి. కిటికీ మూసి ఒక్క టేబుల్ ల్యాంపు పెట్టుకోండి, ఎండ గంటకో రకంగా మారుతుంది. రెండోది ఫ్యాను. దాన్ని ఆపితేనే కాగితం ముక్కలు కదలకుండా ఉంటాయి, కాబట్టి ఈ పని పొద్దున్నే ఎండెక్కకముందు పెట్టుకోండి.