సాగరం నాలుగా, ఏడా?

ఎంవీపీ కాలనీ (పోస్టు):
ఆదివారం పేపర్లో సుడోకు, గళ్ల నుడికట్టు అరగంటలో నింపేసి ఇంకేమైనా ఉందా అని అడిగేవాళ్ల కోసం ఇది. లెక్క పాతకాలంది, విప్పడం మాత్రం పొడుపు కథలాగే.

వసు గుణ సాగర చంద్ర. ధాత నామ సంవత్సరం.
ఆ ఏడు మన సింహాచలం కొండ మీదికి ఒక రాజు వచ్చాడు. శకం ఎంత? రాజెవరు?

కొత్తవాళ్లకు రెండు ముక్కలు. అంకె చెప్పకుండా, లోకంలో అన్నే ఉన్న వస్తువు పేరు చెప్పడాన్ని భూతసంఖ్య అంటారు. చంద్రుడు ఒక్కడే కనుక ఒకటి. కళ్లు రెండు, వేదాలు నాలుగు, మన్మథుడి బాణాలు అయిదు. ఆకాశం అంటే సున్నా. చదవడం ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టాలి. ‘అంకానాం వామతో గతిః’ అన్నది అందుకే, అంకెలు ఎడమకు నడుస్తాయి. ఫోన్‌లో వెతక్కుండా చెప్పండి చూద్దాం.

గాజువాక:
1738. వసువులు ఎనిమిది, గుణాలు మూడు, సాగరాలు ఏడు, చంద్రుడు ఒకటి. 78 కలిపితే క్రీ.శ. 1816. అప్పటికి కంపెనీ పాలన వచ్చేసింది కాబట్టి కొండకు వచ్చే రాజంటే విజయనగరం వారే అయ్యుంటారు. ధాత కూడా సరిపోయింది, లెక్కేసి చూశాను.

పెందుర్తి:
మాస్టారూ, సాగరం ఏడు కాదండి, నాలుగు. శకం 1438, అంటే 1516. ఒడిశా గజపతుల మీదికి దండెత్తి వచ్చిన కృష్ణదేవరాయలు. ఆ శాసనం గుడిలోనే ఉంది.

గాజువాక:
నాలుగెలా అవుతుందండీ? మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుందని విన్నాం గానీ, నాలుగు సముద్రాల అవతల దాచినవాణ్ణి నేనైతే ఎరగను.

పెందుర్తి:
😀 కథల్లో ఏడే. పురాణాల లెక్కలోనూ ఏడే: ఉప్పునీరు, చెరకురసం, కల్లు, నెయ్యి, పెరుగు, పాలు, మంచినీరు. కానీ జ్యోతిషం, గణితం రాసినవాళ్లు అబ్ధి అన్నా జలధి అన్నా అర్ణవం అన్నా మామూలుగా నాలుగుకే వాడారు. భూమికి నాలుగు దిక్కులా సముద్రమే అన్న ఊహ అది. పెళ్లిలో ప్రవర చెప్పేటప్పుడు చెవిన పడే ఉంటుంది, ‘చతుస్సాగర పర్యంతం గోబ్రాహ్మణేభ్యః శుభం భవతు’ అని. 11వ శతాబ్దంలో మన దేశం గురించి గ్రంథం రాసిన విదేశీ పండితుడు అల్‌బిరూనీ మనవాళ్ల సంఖ్యాపదాలన్నీ రాసుకున్నప్పుడు కూడా సముద్రాన్ని వేదంతో పాటు నాలుగులోనే పెట్టాడు.

మద్దిలపాలెం:
మూడు కూడా ఉందండోయ్. గౌతమీపుత్ర శాతకర్ణి బిరుదు ‘త్రిసముద్రతోయపీతవాహనుడు’. ఆయన గుర్రాలు మూడు సముద్రాల నీళ్లు తాగాయట. ఆర్‌కే బీచ్‌లో నిలబడి చూస్తే మనకు కనిపించేది ఒక్కటే, ఎవరి లెక్క నమ్మాలి?

గాజువాక:
ఇంత గొడవ ఎందుకండీ. సంవత్సరం పేరు ఇచ్చారు కదా, దాన్ని పట్టుకుని తేల్చేద్దాం. నాకు 1738కి ధాతే వచ్చింది. పెందుర్తి మాస్టారి 1438కి ఏం వస్తుందో ఎవరైనా చూడండి.

భీమిలి:
చూశాను. దానికీ ధాతే వస్తుంది!

లెక్క తెలియనివాళ్లకు: శక సంవత్సరానికి 12 కలిపి 60తో భాగించాలి. మిగిలింది ప్రభవ నుంచి ఎన్నో పేరో చెబుతుంది. నమ్మకం కుదరకపోతే తెలిసిన ఏడాది మీద వేసి చూసుకోండి. 2025 ఉగాదికి శకం 1947. 12 కలిపితే 1959. అరవైతో పోగా మిగిలేది 39. ముప్ఫై తొమ్మిదోది విశ్వావసు. సరిపోయిందా?

ఇప్పుడు 1438కి 12 కలిపితే 1450, మిగిలేది 10. పదోది ధాత. 1738కి కలిపితే 1750, మిగిలేది మళ్లీ 10. కారణం ఏమిటంటే నాలుగుకీ ఏడుకీ తేడా మూడు. ఇక్కడ సాగరం వందల స్థానంలో కూర్చుంది కాబట్టి అది 300 అవుతుంది, అంటే సరిగ్గా అయిదు అరవైలు. అయిదు చుట్లు తిరిగి మళ్లీ అదే పేరు దగ్గర ఆగుతుంది. ఒకట్లలోనో పదులలోనో ఉంటే తేడా 3 గానీ 30 గానీ అయ్యేది, పేరు మారిపోయేది, గొడవ అక్కడే తెగేది. మద్దిలపాలెం వారి మూడు సముద్రాలైతే 1338, దుర్ముఖి వస్తుంది. కాబట్టి శాతకర్ణి గుర్రాలను ఇంటికి పంపేయొచ్చు.

పోస్టు పెట్టినాయన ఇది తెలియక చేశారని నేననుకోను. కానీ రెండు జవాబులొచ్చేదాన్ని పజిల్ అని ఎలా అంటాం? సుడోకులో 16 అంకెలే ఇస్తే ఒకే జవాబు వచ్చే గడి ఒక్కటి కూడా ఉండదని, కనీసం 17 ఉండాలని 2012లో కంప్యూటర్‌తో మొత్తం వెతికి తేల్చారు. ఒకే జవాబు అన్న నియమం కోసం అంత కష్టపడ్డారు.

ఎంవీపీ కాలనీ:
తెలిసే పెట్టానండి. సంవత్సరం పేరు ఇచ్చేస్తే ఇక అనుమానం ఉండదని మనలో చాలామంది ధీమా. ఆ ధీమా ఎక్కడ చెల్లదో చూపించాలని వెతికితే వందల స్థానం దొరికింది. రాజు పేరు చెప్పకపోవడం కూడా కావాలనే. ఆ గుడికి వంశపారంపర్య ధర్మకర్తలు విజయనగరం రాజులే కనుక గాజువాక వారి జవాబు తోసిపారేయలేం. కానీ మార్కులు పెందుర్తికే. ఎందుకంటే భూతసంఖ్యల్లో పదానికి ఎవరికి తోచిన విలువ వాళ్లు ఇచ్చుకోవడం కుదరదు, వాడుకలో స్థిరపడినదే చెల్లుతుంది. ‘రస’ అంటే ఆరు, షడ్రుచులు. నవరసాలున్నాయి కదా అని తొమ్మిది వేస్తే లెక్క తప్పుతుంది.

గాజువాక:
మరి ‘దిక్కు’? నాలుగా, ఎనిమిదా, పదా?

పెందుర్తి:
అదొక్కటే నాకూ తలనొప్పి. మూడూ వాడారు. లోకం కూడా అంతే, మూడు లోకాలూ ఉన్నాయి, పద్నాలుగు లోకాలూ ఉన్నాయి. శాసనాలు చెక్కించినవాళ్లు తెలివైనవాళ్లు. చాలా చోట్ల పదాలతో చెప్పి ఊరుకోలేదు. సంవత్సరం పేరు, మాసం, తిథి, వారం కూడా వేశారు. వారం, తిథి కలిస్తే 1438, 1738 లాంటి జంటలు కూడా విడిపోతాయి. కాకపోతే దానికి పాత పంచాంగం లెక్కలు ముందేసుకుని కూర్చోవాలి.

మద్దిలపాలెం:
మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు, ఇదంతా చూసి ‘కుడి నుంచి ఎడమకు చదవడం కన్ఫ్యూజన్‌గా ఉంది నాన్నా’ అంటున్నాడు. వాడి కోసం సులువుది ఒకటి ఇవ్వండి.

భీమిలి:
చంద్ర వేద వేద చంద్ర. ఎటు నుంచి చదివినా 1441 కాబట్టి భయం లేదు. 1519 ఉగాదితో మొదలైన ఏడు. రాయలు సింహాచలానికి రెండోసారి వచ్చింది 1519లోనే అంటారు. సంవత్సరం పేరు బాబునే కట్టి చెప్పమనండి.

మద్దిలపాలెం:
ప్రమాథి అంటున్నాడు. 1453, మిగిలింది 13.

భీమిలి:
శభాష్. ఇక గాజువాక వారికి బాకీ ఉంది కాబట్టి ఈసారి సాగరాన్ని ఒకట్లలోకి దించుతున్నాను.

సాగర రస శర చంద్ర. చిత్రభాను.

సాగరం నాలుగో ఏడో ముందు వాడుకను పక్కన పెట్టి, ఒక్క చిత్రభానుతోనే తేల్చి చెప్పాలి. అదే శ్లోకంలో చిత్రభాను తీసేసి పార్థివ అని ఉంటే జవాబు ఎంతవుతుందో కూడా చెప్పండి.